పృచ్ఛకులు కావాలి

ఆచార్య కృష్ణ దామోదర్ అభ్యంకర్ గారి స్మృతికి ఈ ప్రసంగాన్ని అంకితం చేస్తున్నాను. బర్క్‌లీలో డాక్టరేటు చేసి, 1960లో ఉస్మానియాకు వచ్చి, నిజామియా వేధశాల బాధ్యతలు మోసి, ఈ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రాన్ని పూర్తిస్థాయి చదువుగా నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన పేరు ఎత్తగానే చాలామందికి రంగాపూర్‌లోని 48 అంగుళాల టెలిస్కోపు గుర్తొస్తుంది. అది సహజమే. అద్దానికి కొలతలుంటాయి, గోపురానికి ఫొటో ఉంటుంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. వారం వారం ఒక గదిలో పదిహేనుమంది కూర్చుని తమలో ఒకరి లెక్కను నిలదీసే పనికి ఇవేవీ ఉండవు. ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది ఆ గది గురించే. ఖగోళ భౌతికమైనా, సైద్ధాంతిక భౌతికమైనా ఒక ఊళ్ళో వేళ్ళూనాలంటే ముందుగా క్రమం తప్పని పరిశోధక సెమినార్ ఉండాలి. భవనాలూ పరికరాలూ దాన్ని ఆసరా చేసుకుని వచ్చినప్పుడే ఫలిస్తాయి. ఇందుకు హైదరాబాదు చరిత్ర నుంచే సాక్ష్యం చూపిస్తాను, ఎదురు వచ్చే అభ్యంతరాలకూ జవాబు చెబుతాను.

సెమినార్ అనగానే మన కాలేజీల్లో కట్టే బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సర్టిఫికెట్లు కళ్ళముందు మెదులుతాయి. నేను చెప్పేది దాని గురించి కాదు. పని ఇంకా తేలకముందే, అంటే సగం లెక్క చేతిలో ఉన్నప్పుడే, పరిశోధకుడు దాన్ని బోర్డు మీద పెట్టి పదిమందిని అడగనివ్వడం సెమినార్. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా నేర్పనక్కర్లేదు. అష్టావధానంలో అవధానికి ఎంత ప్రతిభ ఉన్నా పృచ్ఛకులు లేకపోతే సభే లేదు. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అడ్డుపడేది అవధాని మీద పగతో కాదు, ఆ అడ్డు దాటి వచ్చిన పద్యానికే విలువ గనక. మనవాళ్ళు అవధానిని పూలదండలతో గుర్తుపెట్టుకుంటారు, పృచ్ఛకుణ్ణి మర్చిపోతారు. విజ్ఞానశాస్త్రంలోనూ అదే చేస్తున్నాం. కనిపెట్టినవారి పేరు చెప్పుకుంటాం, వారిని అడ్డుకుని సరిదిద్దిన గదిని చెప్పుకోం.

హైదరాబాదులో ఆధునిక ఖగోళశాస్త్రం 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకోవడంతో మొదలైంది. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది, తర్వాత ఆ నిజామియా వేధశాల బేగంపేటకు చేరింది, 1919లో అప్పుడే పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడ జరిగిన పెద్ద పని ఆకాశపటం. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశాన్ని పట్టీలుగా కోసి తలో వేధశాలకూ పంచారు. చిలీలోని సాంటియాగో వదిలేసిన దక్షిణాకాశపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, హైదరాబాదు తలకెత్తుకుంది. ఆ పని ఎలా ఉండేదో ఒక్కసారి దగ్గరగా చూడండి. ఒక్కో గాజు ప్లేటు మీద రెండు డిగ్రీలు అడ్డం, రెండు డిగ్రీలు నిలువు ఉన్న ఆకాశం. దాని మీద ఐదు మిల్లీమీటర్లకో గీతగా అచ్చొత్తిన గళ్ళు. సూక్ష్మదర్శినిలో ఒక కన్ను పెట్టి, గడిలో ఈ చుక్క ఎంత అడ్డంగా, ఎంత నిలువుగా ఉందో చదవాలి. అంకె వేసుకోవాలి. తర్వాతి చుక్కకు పోవాలి. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో, ఇలా ఏళ్ళ తరబడి సాగిన శ్రమలోంచి 12 సంపుటాలు వచ్చాయి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలతో. ఆ కొలతలు వృథా పోలేదు. 1990ల్లో అమెరికా నావికాదళ వేధశాలవారు ప్రపంచంలోని ఆ పాత సంపుటాలన్నిటినీ కంప్యూటరుకెక్కించారు. హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన కొత్త స్థానాలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల కదలికలున్న టైకో-2 జాబితాను 2000లో వెలువరించారు. బేగంపేటలో కన్నుపెట్టి చదివిన అంకెలు అందులో ఉన్నాయి.

ఇది చూపించి కొందరు నన్ను ఆపవచ్చు. ఏ సెమినారూ లేకుండానే ఇంత పని జరిగింది కదా అనవచ్చు. జరిగింది, ఆ శ్రమకు నేను చేతులు జోడిస్తాను. కానీ ఒక్క సంగతి చూడండి. ఆకాశాన్ని ఇలా కొలవాలన్న ప్రశ్న పారిస్‌లో పుట్టింది. ఆ కొలతలతో ఏం చెయ్యాలన్న ప్రశ్న వందేళ్ళు దాటాక మరోచోట పుట్టింది. నడుమ చాకిరీ మన వంతు అయింది. ప్రశ్న పుట్టే చోటు మనది కానప్పుడు, ఎంత నిఖార్సయిన పని చేసినా మనం సరఫరాదారులుగానే మిగులుతాం. ఆ వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన బప్పు గారి కొడుకు వేణు బప్పు అక్కడే ఆకాశం చదవడం నేర్చాడు, నిజాం కాలేజీలో ఉండగానే చరకాంతి నక్షత్రాల మీద పేపర్లు రాశాడు. అయినా హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద హార్వర్డుకు పోయాకే ఆయన శక్తి పూర్తిగా విప్పారింది. 1949లో తోకచుక్క, 1957లో ఖగోళవేత్త విల్సన్‌తో కలిసి కాల్షియం రేఖ వెడల్పుకూ నక్షత్రపు అసలు వెలుగుకూ ఉన్న సంబంధం. అక్కడి టెలిస్కోపులు పెద్దవన్నది నిజమే. అయితే అక్కడ ఆయనకు దొరికిందల్లా టెలిస్కోపే అనుకుంటే పొరపాటు. బప్పు తిరిగొచ్చాక చేసిన పనులే దానికి రుజువు. ఆయన కట్టింది వేధశాలలే కాదు, ఈ దేశపు ఖగోళవేత్తలు ఒకరి ముందు ఒకరు తమ పని పెట్టుకునే అలవాటును కూడా. 1972లో భారత ఖగోళ సంఘం ఈ ఉస్మానియాలోనే పుట్టింది. ఏడాదికోసారి కలిసే ఆ పెద్ద సభకు ఈ ఊళ్ళో వారానికోసారి కలిసే చిన్న సభ పునాదిగా ఉండాలని నేనంటాను.

ఇక రంగాపూర్ సంగతి. హైదరాబాదుకు 55 కిలోమీటర్ల దూరాన 1960ల చివర నిలబడ్డ ఆ 48 అంగుళాల టెలిస్కోపు ప్రపంచపు లెక్కలో చిన్నదే. దాంతో పెద్ద ప్రశ్న అడగవచ్చా? అడిగారు. సిరియస్ ఉండే పెద్దకుక్క రాశిలో ఆర్ కానిస్ మేజోరిస్ అని ఒక జంట నక్షత్రం ఉంది. ఒకటి రెండోదాన్ని ఒక రోజు 3 గంటల 16 నిమిషాలకోసారి గ్రహణం పట్టిస్తుంది, వెలుగు తగ్గుతుంది. దాని వెలుగు మారుతుందని 1887లో సాయర్ గుర్తించినప్పటి నుంచీ ఎవరో ఒకరు ఆ గ్రహణాల వేళలు రాసిపెడుతూనే ఉన్నారు. గ్రహణం లెక్క ప్రకారం రావలసిన వేళకు వస్తోందా? రావడం లేదు. కొన్ని దశాబ్దాలు ముందుగా, కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా వస్తోంది. 1984లో ఉస్మానియా పరిశోధకులు రాధాకృష్ణన్, శర్మ, అభ్యంకర్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. కంటికి కనిపించని మూడో నక్షత్రం ఒకటి ఉంది, దానితో కలిసి ఈ జంట సుమారు 91 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతోంది, జంట మనకు దూరమైనప్పుడు వెలుగు ఆలస్యంగా అందుతుంది, దగ్గరైనప్పుడు ముందుగా అందుతుంది.

ఇలాంటి మాట అనడానికి ఎన్ని ప్రశ్నలు దాటాలో చూడండి. మొదటిది, భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్లే వెలుగు ఎనిమిది నిమిషాల దాకా అటూ ఇటూ అవుతుంది, ఆ సవరణ పాత పరిశీలకులంతా ఒకే తీరుగా చేశారా? రెండోది, ఒక నక్షత్రం నుంచి పదార్థం రెండోదాని మీద పడుతుంటే కూడా వ్యవధి మారుతుంది గదా? మారుతుంది, కానీ ఆ మార్పు ఒకే దిక్కుకు పోతుంది, వెనక్కి రాదు. మూడోది, దీర్ఘవృత్తపు కక్ష్యే మెల్లగా తిరుగుతోందేమో? అలాగైతే పెద్ద గ్రహణం వెనకబడ్డప్పుడు చిన్న గ్రహణం ముందుకు జరగాలి. నాలుగోది అన్నిటికంటే గట్టిది. 1887 నుంచి 1984 దాకా ఉన్నది 97 ఏళ్ళు, మీరనే ఆవర్తనం 91 ఏళ్ళు, ఒక్క చుట్టు చూసి ఇది మళ్ళీ మళ్ళీ వస్తుందని ఎలా అంటారు? ఈ నాలుగో ప్రశ్నకు ఆనాడు పూర్తి జవాబు లేదు. ఉన్నదల్లా మిగతా వివరణలకంటే ఇదే బాగా పొసగుతుందన్న వాదన. 2002లో రిబాస్, అరెనూ, గినాన్ హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలు తీసుకుని ఆకాశంలో ఆ జంట పక్కకు ఊగడాన్ని పట్టుకున్నారు. ఆవర్తనం సుమారు 93 ఏళ్ళనీ, మూడో నక్షత్రం బరువు సూర్యుడిలో మూడో వంతు పైచిలుకనీ తేల్చారు. ఉస్మానియా మాట నిలిచింది. ఈ ఫలితం అద్దం సైజులోంచి రాలేదు. వందేళ్ళ అంకెలను వరుసగా ముందు పెట్టుకుని, వాటికున్న ఒక్కో సులువైన వివరణనూ కొట్టేస్తూ వచ్చిన తర్కంలోంచి వచ్చింది. ఆ కొట్టివేత ఒక్కడు కూర్చుని చేసుకోవడం చాలా కష్టం. మన వివరణ మీద మనకు ప్రేమ ఉంటుంది.

సెమినార్ ముందు, సంస్థ వెనక అనడానికి నా దగ్గరున్న అన్నిటికంటే తేటైన నిదర్శనం మద్రాసులో ఉంది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి న్యాయశాస్త్రంలో మహామహుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి కుమారుడు అల్లాడి రామకృష్ణన్ 1957-58లో ప్రిన్స్‌టన్‌లో ఉండి అక్కడి సెమినార్ల ఊపును దగ్గరగా చూశారు. తిరిగొచ్చి ఆయన గ్రాంటు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. మైలాపూరులోని తమ ఇల్లు ఏకామ్ర నివాస్‌లోనే సైద్ధాంతిక భౌతిక సెమినార్ మొదలుపెట్టారు. కొందరు కుర్రవాళ్ళు, ఒక బోర్డు, బయటి నుంచి వచ్చే పేపర్లు. 1960 జనవరిలో నీల్స్ బోర్ మద్రాసు వచ్చినప్పుడు ఆ ఇంటికి వెళ్ళారు, చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఢిల్లీ దాకా చేరింది. 1962 జనవరి 3న గణితశాస్త్రాల సంస్థ, ఇప్పటికీ మాట్‌సైన్స్ అని పిలుచుకునేది, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చేతుల మీదుగా ఆరంభమైంది. మనం సాధారణంగా వెళ్ళే దారికి ఇది ఎదురు దారి. మనం ముందు స్థలం అడుగుతాం, తర్వాత భవనం, తర్వాత పోస్టులు, చివర్న టైమ్‌టేబుల్‌లో ఎక్కడైనా ఖాళీ ఉంటే సెమినార్. ఏకామ్ర నివాస్‌లో ప్రశ్నలడిగే అలవాటే ముందు గట్టిపడింది, గోడలు దాని చుట్టూ లేచాయి.

ఇప్పుడు బలమైన అభ్యంతరం ఒకటి. సైద్ధాంతిక భౌతికంలో మనదేశపు గొప్ప పనుల్లో ఒకటి సెమినార్ ఏదీ లేకుండానే జరిగింది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి కలకత్తాలో, తన చుట్టూ ఆ విషయం తెలిసినవాళ్ళు దాదాపు ఎవరూ లేని చోట, 1955లో తన పేరుతో నిలిచిన సమీకరణాన్ని ప్రచురించారు. గురుత్వం ఉన్నచోట పక్కపక్కన ప్రయాణించే కణాలు ఎలా దగ్గరికి గుంజుకుంటాయో చెప్పే ఆ సమీకరణమే తర్వాత పెన్‌రోజ్, హాకింగ్ సిద్ధాంతాలకు ఇరుసు అయింది. మరి ఒంటరివాడే గెలిచాడు కదా? గెలిచాడు. ఏం నష్టపోయాడో కూడా చూడాలి. ఆ సమీకరణం ఎక్కడిదాకా పోగలదన్న ప్రశ్న ఆయన పక్క గదిలోంచి ఎవరూ అడగలేదు. 1965లో పెన్‌రోజ్ తన సిద్ధాంతం ప్రకటించేదాకా దాదాపు పదేళ్ళు గడిచాయి. ఒంటరి ప్రతిభ ఉండనే ఉంటుంది, దాన్ని ఏ సెమినారూ పుట్టించలేదు. సెమినార్ చేసేది, ఆ ప్రతిభను పదేళ్ళు ఎదురుచూడనివ్వకుండా దాని కొసలు ఇక్కడే వెతికించడం. ఎప్పుడో ఒక రాయ్‌చౌధురి పుడతాడని విశ్వవిద్యాలయాలు నడపలేం. మధ్యరకం ప్రతిభ ఉన్న పదిమంది కలిసి ఒక మంచి పని చెయ్యగలిగేలా నడపాలి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. సెమినార్ పిల్లల్ని నలిపేయదా? నలిపేస్తుంది. 1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో 24 ఏళ్ళ చంద్రశేఖర్ తన ఫలితం చెప్పాడు. ఒక హద్దు దాటిన బరువున్న నక్షత్రం తెల్లమరుగుజ్జుగా ఆగలేదన్నదే ఆ ఫలితం. ఆయన కూర్చోగానే, అప్పటికే పేరుమోసిన ఖగోళవేత్త ఎడింగ్టన్ లేచి ఆ మాటను నవ్వులపాలు చేశాడు. చంద్రశేఖర్‌కు జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదు. తర్వాత ప్రముఖులు కొందరు నువ్వే సరి అని చంద్రశేఖర్‌కు చెప్పినా, బయటికి వచ్చి ఆ మాట అనలేదు. ఆయన ఆ రంగాన్ని ఒక పుస్తకంలో ముగించి పక్కకు జరిగాడు. ఇది సెమినార్ వైఫల్యం కాదని నేననను. కాకపోతే ఏది విఫలమైందో విడదీసి చూడాలి. ప్రశ్న అడగడం తప్పు కాలేదు. ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు లేకపోవడం, పెద్దపేరు వాదానికి బదులుగా చెల్లుబాటు కావడం, తెలిసినవాళ్ళు నోరు మెదపకపోవడం తప్పయ్యాయి. మన దగ్గర ఈ మూడో జబ్బు తీవ్రం. గైడు కూర్చున్న గదిలో రీసెర్చ్ స్కాలరు ప్రశ్న అడగడు, అడిగితే గైడుకు తలవంపులని భయం. అతిథి వచ్చి మాట్లాడితే చివర చప్పట్లు, ఓట్ ఆఫ్ థాంక్స్, టీ. ప్రశ్నలకు వేళ మించిపోయిందంటారు. ఇది మర్యాదలా కనిపిస్తుంది గానీ వచ్చినవారిని అవమానించడమే. ఎందుకంటే ఆయన చెప్పింది ఎవరూ నిజంగా పట్టించుకోలేదని అర్థం. అందుకే కొన్ని నియమాలు కావాలి. మొదటి ప్రశ్న విద్యార్థిదే కావాలి, ఆచార్యులది ఆ తర్వాతే. చెప్పేవారిని మధ్యలో ఆపి అడగవచ్చు. ఎవరు అడిగినా చివరి మాట చెప్పేవారిదే. నిర్వాహకుడు కాపలా కాయవలసింది గడియారానికి కాదు, ఈ మూడో నియమానికి.

ఇవాళ ప్రపంచంలోని మంచి ఉపన్యాసాలన్నీ ఫోనులో ఉన్నాయి, పేపర్లు అచ్చుకు ముందే నెట్‌లో చదువుకోవచ్చు, మళ్ళీ గది ఎందుకని అడిగేవాళ్ళున్నారు. వినడానికి అక్కర్లేదు, ఒప్పుకుంటాను. గది కావలసింది అడిగించుకోవడానికి. మన లెక్కలో నాలుగో వరుసలో గుర్తు తప్పిందని రికార్డింగు చెప్పదు. పక్క కుర్చీలోని మనిషి చెబుతాడు.

నల్లకుంట మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఈ ప్రాంగణానికి దగ్గరలోనే ఉన్న ఆ పేటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ శిక్షణ కేంద్రం ఒక తరం తెలుగు పిల్లలకు గణితం, భౌతికశాస్త్రం మీద గురి కుదిర్చింది. ఆ శిక్షణలో సీటు కోసమే పరీక్ష రాసేవారు. అంత పట్టుదలగా భౌతికం చదివిన పిల్లలున్న చోటికి నడిచి వెళ్ళేంత దూరంలో పరిశోధనశాఖలున్నాయి. ఆ రెంటి నడుమ దారి మాత్రం సన్నంగా ఉంది. శిక్షణకేంద్రపు లెక్కకు జవాబు వెనక పేజీలో ఉంటుంది, త్వరగా చేరినవాడు గెలుస్తాడు. పరిశోధనలో లెక్కకు జవాబు ఎక్కడా లేదు, త్వరపడినవాడు సాధారణంగా తప్పుతాడు. మొదటిదాంట్లో ఆరితేరిన పిల్లవాడు రెండోదాన్ని ఎప్పుడూ చూడకుండానే ఇంజనీరింగుకు వెళ్ళిపోతున్నాడు. అతన్ని అడ్డుకోమని నేననను. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి, పెద్దలు కూడా జవాబు తెలియక బోర్డు ముందు నిలబడే దృశ్యం చూడమంటాను. ఆ పిల్లవాడు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పాలి. 1918లో ఈ విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పాలని ధైర్యం చేసింది, అనువాద విభాగం పెట్టి పుస్తకాలు సిద్ధం చేసింది. ఆ ప్రయోగం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, భౌతికశాస్త్రం ఇంగ్లిషులోనే ఆలోచించాలన్న భయం ఈ నేల మీద పుట్టింది కాదు. పేపరు ఇంగ్లిషులో రాయండి, లోకం చదవాలి గనక. సందేహం మాత్రం అది పుట్టిన భాషలో బయటికి రానివ్వండి.

చివరిగా, ఎవరు వస్తారన్న ప్రశ్న. హైదరాబాదులో భౌతికశాస్త్రజ్ఞులకు కొదవ లేదు. ఉస్మానియాలో ఉన్నారు, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉన్నారు, టాటా సంస్థ హైదరాబాదు కేంద్రంలో, కందిలోని ఐఐటీలో, శామీర్‌పేట దగ్గర బిట్స్‌లో ఉన్నారు. ఎవరి ప్రహరీ లోపల వాళ్ళకు సెమినార్లున్నాయి. నేనడిగేది ప్రహరీలు దాటి వారానికోసారి ఉస్మానియాలో కూడే ఉమ్మడి సెమినార్. తార్నాక మెట్రో స్టేషను రాయదుర్గం నుంచి ఒకే లైను మీద ఉంది, బండి మారనక్కర్లేదు. పొరుగున హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. భూకంప తరంగాలను బట్టి కంటికి కనపడని భూగర్భాన్ని లెక్కగట్టడం వాళ్ళ నిత్యకృత్యం. సూర్యుడి ఉపరితలం మీది కంపనాలను బట్టి లోపలి పొరలను లెక్కగట్టే ఖగోళవేత్త వాడేదీ అదే గణితం. ఇద్దరి లెక్కలోనూ ఒకే చిక్కుంది. వేర్వేరు లోపలి నిర్మాణాలు బయట ఒకే కంపనాన్ని ఇవ్వగలవు. ఈ ఇద్దరూ ఒక బోర్డు ముందు కూర్చుంటే ఎవరి ప్రశ్న ఎవరికి పనికొస్తుందో ముందుగా చెప్పలేం.

పని కూడా సిద్ధంగా ఉంది. 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లైగో-ఇండియా గురుత్వ తరంగాల పరిశోధనశాల మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో వస్తోంది, ఒకప్పటి హైదరాబాదు రాజ్యపు మరాఠ్వాడాలోనే. అది నడిచే నాటికి సంకేతాన్నీ రొదనూ విడదీయగలవాళ్ళు వందల్లో కావాలి. అలాంటివాళ్ళు తయారయ్యేది, తమ విడదీత సరైనదేనా అని ఎవరో పట్టుబట్టి అడిగినప్పుడు. మొదటి ఏడాది విషయపట్టికలో సగం దీనికే ఇవ్వవచ్చు. మిగతా సగంలో రంగాపూర్ పాత కొలతల పుస్తకాలు తీసి, ఆర్ కానిస్ మేజోరిస్ గ్రహణవేళలను ఎమ్మెస్సీ పిల్లల చేత ఈనాటి దాకా కొనసాగించి లెక్కగట్టించవచ్చు. 1887 నుంచి లెక్క వేస్తే ఆ మూడో నక్షత్రం మొదటి చుట్టు ఎప్పుడో ముగిసి రెండో చుట్టులో ఉంది. 1984లో జవాబు లేకుండా మిగిలిన నాలుగో ప్రశ్నను గ్రహణవేళలతోనే పరీక్షించే వీలు ఇప్పుడుంది. ఖర్చు ఒక గది, ఒక బోర్డు, టీ, ఏడాది పాటు బాధ్యత తీసుకునే ఒక మనిషి.